ఆ వైపు ఫోన్ ఎత్తేదెవరు?



మీలో చాలామంది ఇళ్లలో టీవీ పక్కనో, గుమ్మం పైనో ఒక చిన్న డబ్బా ఉంటుంది. దానికి రెండు కొమ్ములు, నాలుగైదు పచ్చ లైట్లు. నెలనెలా డబ్బు కడతాం. ఎర్ర లైటు వెలిగితే నెట్ అబ్బాయికి ఫోన్ చేస్తాం. అంతకు మించి దాని గురించి ఆలోచించం. పిల్లలు మాత్రం ఆలోచిస్తారు. ఎనిమిదో తరగతికి కంప్యూటర్ పీరియడ్‌లో నెట్‌వర్కుల పాఠం అయిన మర్నాడు, నా ఇంగ్లీషు క్లాసులో ఒక అబ్బాయి లేచి అడిగాడు. “మిస్, మా నాన్న చదువుకునే రోజుల్లో ఇంటర్నెట్ కావాలంటే ఫోన్ చేసేవాళ్లంట. మరి ఆ వైపు ఫోన్ ఎత్తేదెవరు?”

క్లాసంతా నవ్వింది. నాకు ఆ ప్రశ్న నచ్చింది. బీఈడీలో నావి ఇంగ్లీషు, సోషల్ మెథడ్స్. నెట్‌వర్కుల సంగతి తెలిసినవాళ్లను అడగాలి. అదృష్టవశాత్తు మా ఇంట్లోనే అలాంటి మనిషి ఉన్నారు, మా మావయ్య. ఆయన చెప్పింది విన్నాక ఆ జవాబు పిల్లలకంటే మనకే, అంటే తల్లిదండ్రులకూ టీచర్లకూ, ఎక్కువ పనికొస్తుందనిపించింది. అందుకే ఈ నెల ఈ వ్యాసం.

ఫోన్ చేస్తేనే ఇంటర్నెట్

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని మొదట ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై నగరాల్లో ఇచ్చింది. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకూ అనుమతి వచ్చింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక చిన్న ఊళ్లవాళ్లు కూడా సంచార్‌నెట్ ప్యాకెట్ కొనుక్కుని 172222 నంబరుకు డయల్ చేసేవారు.

డయల్ చేసేది మనిషి కాదు, కంప్యూటర్. కంప్యూటర్‌కు తెలిసినవి సున్నాలు, ఒకట్లు. టెలిఫోన్ తీగ వేసింది మనిషి గొంతు కోసం. సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాలే అందులో సరిగ్గా వెళ్తాయి. అందుకని మధ్యలో మోడెమ్ అనే పెట్టె కావాలి. సున్నాలను, ఒకట్లను అది శబ్దంగా మార్చి పంపుతుంది. అవతలి మోడెమ్ ఆ శబ్దాన్ని మళ్లీ సున్నాలు, ఒకట్లుగా మారుస్తుంది. డయల్ చేయగానే వినిపించే కీచు, గరగర చప్పుడు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. రెండు మోడెమ్‌లు కలిసి ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకునే చప్పుడు అది.

1998లో వచ్చిన వి.90 పద్ధతిలో ఇంటికి వచ్చే వేగం సెకనుకు గరిష్ఠంగా 56 కిలోబిట్లు. ఇంటి నుంచి వెళ్లే వేగం 33.6 మాత్రమే. మీ పిల్లల యాన్యువల్ డే ఫొటో ఒకటి 3 ఎంబీ ఉందనుకోండి. ఆ తీగ మీద అది రావడానికి ఎంత బాగున్నా ఏడు నిమిషాలు పట్టేది. అంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజ్.

ఇప్పుడు మన ప్రాంతంలో సంగతి వేరు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, ఫోన్, టీవీ ఇస్తామని మొదలుపెట్టారు. ఇవాళ నందిగామ, జగ్గయ్యపేటల్లోనే కాదు, మా చెవిటికల్లులో కూడా పత్తి ఏరి ఇంటికొచ్చిన మనిషి యూట్యూబ్ పెట్టుకుంటున్నాడు. ఏ నంబరూ డయల్ చేయక్కర్లేదు, ఏ చప్పుడూ లేదు. అందుకే ఆ వైపు ఒకరు ఫోన్ ఎత్తాలన్న సంగతే మనం మర్చిపోయాం.

మావయ్య నోటుబుక్కు

మావయ్య అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, 2003లో విజయవాడలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో చేరారు. ఆ ఆఫీసుకు నందిగామలో ఒక బ్రాంచి, జగ్గయ్యపేటలో ఒక బ్రాంచి. రోజూ సాయంత్రం ఆ రెండు చోట్ల కంప్యూటర్లు విజయవాడకు డయల్ చేసి ఆ రోజు లెక్కలు పంపాలి. హెడ్డాఫీసులో ఉన్న రౌటర్ ఆ కాల్ అందుకోవాలి. అలా అందుకునేలా దాన్ని సిద్ధం చేయడమే మావయ్యకు అప్పగించిన మొదటి పని. చేసిన ప్రతి మార్పునూ ఆయన ఒక పొడుగు నోటుబుక్కులో తెలుగులోనే రాసుకున్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

“ఫోన్ చేసేవాడి పని ఏముందమ్మా, నంబరు కొట్టి కూర్చుంటాడు. పనంతా ఎత్తేవాడి దగ్గరే ఉంటుంది” అన్నారు మావయ్య. ఆయన చెప్పిన వరుసలోనే రాస్తున్నాను.

మొదటిది, ఫోన్ ఎత్తమని మోడెమ్‌కు చెప్పాలి. ఇది వినడానికి విచిత్రంగా ఉంటుంది. 1981లో అమెరికాలో హేస్ కంపెనీ తెచ్చిన స్మార్ట్‌మోడెమ్ నుంచి దాదాపు అన్ని మోడెమ్‌లూ ‘ఏటీ’ అనే అక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలు వింటాయి. ‘అటెన్షన్’ అనే మాటలో మొదటి రెండు అక్షరాలు అవి. మోడెమ్ లోపల ‘ఎస్ సున్నా’ అనే ఒక గడి ఉంటుంది. ఎన్ని రింగులకు ఫోన్ ఎత్తాలో ఆ గడిలో రాయాలి. 1 రాస్తే ఒక్క రింగుకే ఎత్తుతుంది. 0 రాస్తే ఎప్పటికీ ఎత్తదు. తీగ బాగుంటుంది, కరెంటు ఉంటుంది, రింగు మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. బయటికి మాత్రం నిక్షేపంగా ఫోన్లు చేసుకుంటుంది.

రెండోది, రౌటర్‌కూ మోడెమ్‌కూ మధ్య ఉన్న లైనుకు ‘లోపలికి వచ్చే కాల్స్‌ను అనుమతించు’ అని చెప్పాలి. ఒకరు పోసే వేగానికి మరొకరు పట్టలేకపోతే ‘ఆగు’ అని చెప్పే ఏర్పాటు కూడా ఇక్కడే పెట్టాలి. దాన్ని ఫ్లో కంట్రోల్ అంటారు.

మూడోది, ఎవరని అడగడం. ఫోన్ ఎత్తాక రౌటర్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చూస్తుంది. మంచి పద్ధతిలో పాస్‌వర్డ్‌ను తీగ మీద పంపరు. రౌటర్ ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య ఇస్తుంది. అవతలి కంప్యూటర్ ఆ సంఖ్యను, తన పాస్‌వర్డ్‌ను కలిపి ఒక లెక్క చేసి జవాబు మాత్రం పంపుతుంది. రౌటర్ కూడా అదే లెక్క చేసి, రెండు జవాబులూ ఒకటైతే లోపలికి రానిస్తుంది. మధ్యలో ఎవరైనా విన్నా వాళ్లకు పాస్‌వర్డ్ దొరకదు. దీన్ని చాప్ అంటారు.

నాలుగోది, వచ్చినవాడికి కూర్చునే చోటు ఇవ్వడం. రౌటర్ దగ్గర కొన్ని ఐపీ అడ్రసులు విడిగా పెట్టి ఉంటాయి. వచ్చినవాళ్లకు ఒకటి ఇచ్చి, వెళ్లాక తిరిగి తీసుకుంటుంది. అడ్రసు లేకపోతే లోపలికి వచ్చినా ఎవరితోనూ మాట్లాడలేరు.

ఐదోది, ఎప్పుడు పెట్టేయాలో చెప్పడం. ఐదు నిమిషాలు ఏ మాటా లేకపోతే లైన్ కట్ చేయమని రాస్తారు. లేకపోతే నందిగామ వాళ్లు పని అయ్యాక కూడా లైన్ పట్టుకుని ఉంటారు, జగ్గయ్యపేట వాళ్లకు ఎంగేజ్ వస్తుంది. మావయ్య వాళ్లకు ఉన్నది ఒక్క మోడెమే. అందుకని నందిగామకు ఏడు గంటలకు, జగ్గయ్యపేటకు ఏడున్నరకు టైము ఇచ్చారు. బీఎస్ఎన్ఎల్ లాంటి పెద్ద సంస్థలయితే ఒకే నంబరు వెనక చాలా లైన్లు పెడతాయి. ఒకటి ఎంగేజ్ అయితే కాల్ ఖాళీగా ఉన్న ఇంకోదానికి పోతుంది. మన టెలిఫోన్ వాళ్లు దాన్ని హంటింగ్ అంటారు.

మా ఎనిమిదో తరగతి అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇదే. ఆ వైపు ఫోన్ ఎత్తేది ఒక మోడెమ్. కానీ ఎవరో ఒకరు ముందుగా కూర్చుని, ఎత్తమని దానికి చెప్పి ఉంటేనే ఎత్తుతుంది.

వేగం తగ్గిస్తే లైన్ నిలబడింది

అన్నీ సరిగ్గా పెట్టినా వానాకాలంలో జగ్గయ్యపేట లైన్ నిలిచేది కాదట. కనెక్ట్ అయ్యేది, రెండు నిమిషాల్లో తెగిపోయేది. మళ్లీ డయల్ చేయడం, మళ్లీ తెగడం. అక్కడి గుమాస్తా రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చునేవాడు. హెడ్డాఫీసులో అందరూ “జగ్గయ్యపేట వాళ్లకు కంప్యూటర్ చేతకాదు” అని తేల్చేశారు.

మావయ్య ఒక రోజు బస్సెక్కి వెళ్లి చూశారు. గుమాస్తా చేసేది సరిగ్గానే ఉంది. స్తంభం దగ్గర తీగ జాయింటులో తడి చేరి లైన్లో గరగర ఎక్కువగా ఉంది. మోడెమ్‌లు రెండూ ఎక్కువ వేగంతో మొదలుపెట్టి, ఆ గరగరలో ఒకరి మాట ఒకరికి అందక తెగిపోతున్నాయి. ఆయన విజయవాడ వచ్చి, జగ్గయ్యపేట కాల్‌కు వేగాన్ని 9,600 దగ్గర ఆపేశారు. లెక్కలు వెళ్లడానికి ఇదివరకటి కంటే ఎక్కువసేపు పట్టింది. కానీ ఒక్కసారి కూడా తెగలేదు. ఏడున్నరకు మొదలై ఎనిమిది లోపే పని అయిపోయేది.

“జగ్గయ్యపేట వాళ్లను అన్నాళ్లు ఊరికే తిట్టారమ్మా” అన్నారు మావయ్య.

ఈ మాట దగ్గరే నాకు మన స్కూళ్లు గుర్తొచ్చాయి.

ఇన్‌కమింగ్ లేని నంబరు

చెవిటికల్లులో మా పక్కింటి అక్క కూతురు ఆరో తరగతి. వేరే స్కూలు, బస్సులో వెళ్లి వస్తుంది. పోయిన ఏడాది అక్క ఫోన్‌కు వరసగా మెసేజీలు వచ్చాయి. మీ అమ్మాయి యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయి. మీ అమ్మాయి హోంవర్కు చేయలేదు. దయచేసి శ్రద్ధ చూపగలరు. అన్నీ ఇంగ్లీషులో. అక్క ఐదో తరగతి వరకు చదివింది. మిరప కోతకు పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చి, ఆ మెసేజీలు నాకు చూపించేది.

ఒక రోజు ఫోన్ పట్టుకుని వచ్చి అడిగింది. “ఇది పంపినాయనకి ఫోన్ ఎట్టా చెయ్యాలమ్మా? నంబరు లేదు, అక్షరాలే ఉన్నాయి.”

నిజమే. అలాంటి మెసేజీలు నంబరు నుంచి రావు, ఆరు అక్షరాల పేరు మీద వస్తాయి. వాటికి తిరిగి ఫోన్ చేయలేం, జవాబు రాయలేం. పంపడానికే తప్ప అందుకోవడానికి పెట్టినవి కావు. అక్కకు ఆ స్కూలుతో చెప్పాల్సిన మాట ఒకటుంది. పిల్లకు రోజూ సాయంత్రం తలనొప్పి వస్తోంది, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతోంది. ఆ మాట నాలుగు నెలలుగా అక్క దగ్గరే ఉండిపోయింది.

డైరీలో ఆఫీసు నంబరు ఉంది. ఇంగ్లీషు పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అక్క దాన్ని చూసింది కూడా. “అది ఇంగ్లీషు మీడియం కదమ్మా. ఎత్తినాయన ఇంగ్లీషులో అడిగితే నేనేం చెప్పాలి? నా పిల్లని అందరిలో చులకన చేస్తారు” అంది. నేను నంబరు కలిపి ఫోన్ ఆమె చేతికే ఇచ్చాను. ఎత్తిన మనిషి తెలుగులోనే మాట్లాడారు. క్లాస్ టీచర్‌ను పిలిచారు. ఆమె కూడా శ్రద్ధగా విన్నారు. మర్నాడే పిల్లను ముందు బెంచీకి మార్చారు. ఆ ఆదివారం నందిగామలో కళ్ల పరీక్ష చేయిస్తే రెండు కళ్లకూ అద్దాలు కావాలన్నారు. ఇప్పుడు ఆ పిల్ల బోర్డు మీద ఉన్నది చదివి నాకే స్పెల్లింగులు చెబుతోంది.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఆ స్కూలు వాళ్లు ఫోన్ ఎత్తారు. ఆ టీచర్ విన్నారు. అయినా ఒక పిల్ల ఆరో తరగతిలో సగం బోర్డు చూడకుండానే గడిపింది. తీగ ఉంది, నంబరు ఉంది. మీరు తెలుగులో మాట్లాడినా ఎత్తుతాం అన్న ఒక్క మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మనిషికి 36 సెకన్లు

నా చదువులో కూడా ఇలాంటిది ఒకటుంది. ఇంటర్‌లో నేను హాస్టల్లో ఉన్నాను. మా బ్లాకులో సుమారు 300 మంది ఆడపిల్లలం. ఇళ్ల నుంచి ఫోన్లు రావడానికి వార్డెన్ గదిలో ఒక్క ఫోను. ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు. మూడు గంటలంటే 180 నిమిషాలు. 300 మందికి పంచితే మనిషికి 36 సెకన్లు.

ఒక ఆదివారం మా నాయనమ్మకు బాగా సుస్తీ చేసింది. నన్ను చూడాలని అడిగిందట. నాన్న పది గంటల నుంచి ఫోన్ కొడుతూనే ఉన్నారు. ఎంగేజ్. పదకొండున్నరకు ఇక లాభం లేదని కంచికచర్ల వచ్చి బస్సెక్కారు. హాస్టల్ చేరేసరికి మూడు. నన్ను తీసుకుని చెవిటికల్లు చేరేసరికి చీకటి పడింది. అప్పటికే నాయనమ్మ లేదు.

ఆ వార్డెన్ మంచావిడ. ఆ రోజు మాతో పాటు ఏడ్చింది. ఆవిడ చేతిలో ఉన్నది ఒక్క ఫోను. అటువైపు ఎంతమంది డయల్ చేస్తారో లెక్క వేసుకుని ఎన్ని లైన్లు కావాలో చూడాల్సిన పని అసలు ఎవరికీ అప్పగించలేదు. మావయ్య నోటుబుక్కులో హంటింగ్ గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఆదివారమే.

తాళం కూడా అంతే ముఖ్యం

ఫోన్ ఎత్తమంటే ప్రతి ఒక్కరినీ లోపలికి రానివ్వమని కాదు. డయల్ చేసే కాలంలోనే దొంగలు ఉన్నారు. వరసగా వందల నంబర్లకు డయల్ చేస్తూ, ఎక్కడ మోడెమ్ ఎత్తుతుందో వెతికే ప్రోగ్రాములు ఉండేవి. 1983లో వచ్చిన ‘వార్ గేమ్స్’ సినిమా తర్వాత దానికి వార్ డయలింగ్ అనే పేరు స్థిరపడింది. పాస్‌వర్డ్ లేని మోడెమ్ దొరికితే నేరుగా లోపలికి వెళ్లిపోయేవారు.

దానికి మావయ్య వాళ్లు వాడిన ఉపాయం కాల్‌బ్యాక్. జగ్గయ్యపేట కంప్యూటర్ ఫోన్ చేసి, నేను ఫలానా అని చెబుతుంది. రౌటర్ సరే అని ఫోన్ పెట్టేస్తుంది. తర్వాత తన జాబితాలో జగ్గయ్యపేట పేరుకు ఎదురుగా రాసి ఉన్న నంబరుకు తనే ఫోన్ చేస్తుంది. దొంగ ఎవరైనా జగ్గయ్యపేట పేరు చెప్పినా, ఫోన్ మోగేది దొంగ ఇంట్లో కాదు, అసలు జగ్గయ్యపేట ఆఫీసులో.

ఇరవై ఏళ్ల నాటి ఈ ఉపాయం ఇవాళ మన ఇంట్లో పనికొస్తుంది. బ్యాంకు నుంచి అంటూనో, కరెంటు ఆఫీసు నుంచి అంటూనో, చివరికి స్కూలు నుంచి అంటూనో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ చెప్పమన్నా, ఒక యాప్ వేసుకుని నంబరు చెప్పమన్నా, ఫోన్ పెట్టేయండి. మీ పాస్‌బుక్కు మీదో, కార్డు వెనకో, స్కూలు డైరీలోనో ఉన్న నంబరుకు మీరే చేయండి. స్క్రీన్ చూపించే యాప్ వేసుకుని అందులోని నంబరు చెప్పడమంటే, మీ ఫోన్లోకి దూరం నుంచి వచ్చేవాడికి మీరే తలుపు తీయడం. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో రౌటర్ గురించి కూడా నాలుగు మాటలు. ఇవి మావయ్య చెప్పినవే.

డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్‌నే వాడకండి. వైఫై పాస్‌వర్డ్ ఒకటి, రౌటర్ సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్ ఇంకొకటి. రెండూ మార్చాలి.

సెట్టింగుల్లో ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని ఉంటే, అవసరం లేనంతవరకు ఆపేసి ఉంచండి. అది తెరిచి ఉంటే బయటి నుంచి మీ రౌటర్‌కు డయల్ చేసినట్టే.

మామూలుగా ఇంటి రౌటర్ లోపలి నుంచి బయటికి వెళ్లేవాటిని వదులుతుంది, మనం అడగకుండా బయటి నుంచి వచ్చేవాటిని ఆపుతుంది. దుకాణానికో, కోల్డ్ స్టోరేజీకో సీసీ కెమెరా పెట్టించినప్పుడు కొందరు ఆ అడ్డు తీసి దారి తెరుస్తారు. అలా తెరిస్తే కెమెరాకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అస్సలు ఉంచకూడదు. ఏ దారి తెరిచారో పెట్టినవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.

చుట్టాలు వస్తే వాళ్లకు గెస్ట్ వైఫై ఇవ్వండి. పిల్లల స్నేహితులకూ అంతే.

ఈ పనులు మీ ఎనిమిదో తరగతి పిల్లతో కలిసి చేయండి. పాఠం వాళ్లకు ఎలాగూ అయింది. అమ్మ పక్కన కూర్చుని సెట్టింగులు ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పమనండి. నా ఇంగ్లీషు క్లాసులో రాయించే అనువాదం కంటే అది మంచి అభ్యాసం.

మన క్లాసుకు మీ లైను

ఇంగ్లీషు టీచర్‌గా నేను పిల్లలకు ఇంగ్లీషు గట్టిగానే నేర్పుతాను. వాళ్లకది కావాలి. కానీ అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు మాట అందడమే ముఖ్యం. జగ్గయ్యపేట లైన్‌కు వేగం తగ్గించినందువల్ల ఆ ఆఫీసు పరువు ఏమీ పోలేదు. లెక్కలు చేరాయి, గుమాస్తా వేళకు ఇంటికి వెళ్లాడు.

మా క్లాసులో 42 మంది పిల్లలు. ఒక్కో కుటుంబంతో నెలకు పది నిమిషాలు మాట్లాడాలంటే 420 నిమిషాలు. స్కూలు అయ్యాక రోజుకు అరగంట చొప్పున తీసుకుంటే నెలలో 20 పనిదినాలకే 600 నిమిషాలు. అందరికీ సరిపోగా ఇంకా మిగులుతాయి. ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఈ నెల నుంచి మా సెక్షన్‌లో ఇలా చేస్తున్నాం.

సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాయంత్రం 4:30 నుంచి 5:00 వరకు నేను స్టాఫ్ రూంలో ఫోన్ దగ్గరే ఉంటాను. నంబరును డైరీ మొదటి పేజీలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో అంటించాం. ఆ టైములో పొలంలోనో, పనిలోనో ఉండేవాళ్లు ఎప్పుడైనా మిస్డ్ కాల్ ఇవ్వండి. అడ్మిషన్ ఫారంలో మీరు రాసిన నంబరు నుంచే ఇవ్వండి. ఎవరి అమ్మో, ఎవరి నాన్నో అప్పుడు నాకు తెలుస్తుంది. రాత్రి ఎనిమిది లోపు నేనే తిరిగి చేస్తాను. నంబరు మారితే పిల్లల చేత చీటీ పంపండి చాలు.

తెలుగులో మాట్లాడండి. హిందీలోనో, ఉర్దూలోనో మాట్లాడేవాళ్లకు మా కొలీగ్ సాయం చేస్తారు. “పెద్ద విషయం కాదేమో” అని ఆగకండి. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదన్నా, బస్సులో ఎవరో ఏడిపిస్తున్నారన్నా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదన్నా మాకు తెలియాలి. మార్కుల సంగతి మేం మీకు ఎలాగూ పంపుతాం. ఇంట్లో మీరు చూసేది మాత్రం మీరు చెబితేనే మాకు తెలుస్తుంది.

తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా చేయవచ్చు. చాలా ఇళ్లలో పిల్లలతో ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

మొదటి వారంలో ఇప్పటికే 11 మంది ఫోన్ చేశారు. అందులో ముగ్గురు “మేడం, తెలుగులో మాట్లాడొచ్చా?” అని అడిగి మొదలుపెట్టారు. ఇక మీదట ఆ ప్రశ్న అడగక్కర్లేదు.